కంచు ఎద్దుకు కర్త ఎవరు?

గత మాసంలో ఢిల్లీలోని ఒక అతిథి గృహంలో మిత్రుని కోసం అరగంటసేపు నిరీక్షించవలసి వచ్చింది. పార్లమెంటు లాబీలలో మంత్రుల కోసం నిరీక్షించడానికి అలవాటుపడ్డ ప్రాణం కనుక విసుగు కలగలేదు. ఎదుటి గోడమీద ఒక పటం, దాని కింద బల్లమీద ఒక కంచు ఎద్దు ఉన్నాయి. పటంలో ఆకాశమంత ఎత్తున లేచిన నీలి కెరటం. దాని నురుగు గోళ్ళలాగా వంగి కింది పడవలను పట్టబోతున్నది. దూరాన పిడికెడంత ఫూజీ పర్వతం. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ కల్పించిన ఈ కెరటాన్ని ఎక్కడో ఒకచోట చూడనివారు అరుదు. 2024 జూలైలో జపాన్ విడుదల చేసిన వెయ్యి యెన్ల నోటు వెనుక కూడా ఈ కెరటమే ఉన్నది.

పటం కింద ఒక చిన్న చీటీ అంటించి ఉన్నది. ఇది హొకుసాయ్ చిత్రానికి చేతితో గీచిన నకలు అని, ఆ నకలు గీచిన మనిషి పేరు ఇది, ఊరు ఇది, సంవత్సరం ఇది అని అందులో రాసి ఉన్నది. ఎద్దు కింద కూడా ఒక చీటీ ఉన్నది. దానిమీద ఉన్నవి మూడే మాటలు: "బస్తర్ ఆదివాసీ కళ."

నకలుకు కర్త ఉన్నాడు, అసలుకు లేడు. ఈ విచిత్రం నన్ను వదలలేదు. లేచి వెళ్ళి ఎద్దును చేతిలోకి తీసుకుని చూశాను. ఒళ్ళంతా సన్నని తీగలు చుట్టినట్టున్న ఆ పనితనం బస్తర్‌దే, సందేహం లేదు. ఎడమ చెవి పక్కన ఒక తీగ మాత్రం తెగి, కొంచెం పక్కకు జరిగి అతుక్కున్నది. చేతిపనిలో అలాంటివి సహజమనుకుని దానిని బల్లమీద పెట్టాను. ఆ తెగిన తీగ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్ళీ దాని దగ్గరకు వస్తాను.

ముందు కెరటం సంగతి. ఇది 1831 ప్రాంతంలో వెలువడిన చెక్క అచ్చు చిత్రం. మన పెడనలో బట్టమీద అద్దకం వేసినట్టు జపాన్‌లో కాగితం మీద అద్దేవారు. చిత్రకారుడు పలుచని కాగితం మీద గీతలు గీచి ఇస్తాడు. చెక్కేవాడు ఆ కాగితాన్ని అడవి చెర్రీ పలకమీద అంటించి, గీత మాత్రం మిగిలేటట్టు తక్కిన చెక్కను తొలగిస్తాడు. అద్దేవాడు రంగుకొక పలక చొప్పున కాగితాన్ని వరుసగా అద్దుతాడు. పెట్టుబడి, అమ్మకం, సర్కారు తనిఖీ ముద్ర సంపాదించడం ప్రచురణకర్త పూచీ. అంటే మనం హొకుసాయ్ కెరటం అంటున్నది నిజానికి నాలుగు జతల చేతుల పని. పైగా అది ఒక్క ప్రతి కాదు, వేల ప్రతులు అచ్చయినది. సామాన్యులు కొనుక్కోగలిగిన చవక బొమ్మ. అందులో అసలు ప్రతి ఏదని అడిగితే సమాధానం లేదు. ఉన్నవన్నీ ప్రతులే.

ఆ ప్రతులకు మళ్ళీ ప్రతులు గీచిన మహానుభావులు కూడా ఉన్నారు. 1887లో పారిస్‌లో ఉండగా వాన్ గో, హిరోషిగే అచ్చు చిత్రాలు రెండింటిని నూనె రంగులతో స్వయంగా తిరిగి గీచాడు. ఒకటి పూచిన ప్లమ్ చెట్ల తోట, రెండవది వంతెన మీద కురుస్తున్న వాన. చుట్టూ అంచులో జపాన్ అక్షరాలను, అర్థం తెలియకపోయినా, ఇతర చిత్రాలనుంచి దించుకున్నాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియంలో నేటికీ వాటికి హిరోషిగే అనుసరణలన్న పేరే ఉన్నది. అంతటివాడు గీచినా, ఎవరిని చూసి గీచాడో ఆ పేరు చెరిగిపోలేదు. అందువల్ల వాన్ గో గౌరవం తగ్గలేదు, హిరోషిగేకు నష్టమూ కలగలేదు.

జపాన్‌లో అంతా ధర్మంగానే జరిగిందని నేను అనడం లేదు. ఆ కాలపు చిత్రాలమీద చిత్రకారుని సంతకం, ప్రచురణకర్త ముద్ర కనిపిస్తాయి గాని, చెక్కినవాని పేరు, అద్దినవాని పేరు సాధారణంగా కనిపించవు. ఆ దేశం అటు తరువాత తన తప్పు కొంత దిద్దుకున్నది. 1974లో సంప్రదాయ హస్తకళా పరిశ్రమల అభివృద్ధికి ఒక చట్టం చేసింది. ముఖ్యమైన పని చేతితో జరగాలి, పద్ధతి, ముడిసరుకు సుమారు వంద సంవత్సరాలుగా వస్తున్నవై ఉండాలి అన్నవి అందులోని షరతులు. తనిఖీలో నెగ్గిన వస్తువుకు ప్రత్యేకమైన ముద్ర చీటీ అంటిస్తారు. పరీక్షలో నెగ్గిన పనివానికి సంప్రదాయ శిల్పిగా గుర్తింపు ఇస్తారు. ఎడో చెక్క అచ్చు చిత్రకళకు 2007లో ఈ చట్టం కింద స్థానం లభించింది. ఈనాడు పాత చిత్రాలను కొత్త పలకలమీద చెక్కి, అద్ది, నకలుగానే అమ్ముకుంటూ గౌరవంగా బతుకుతున్న శిల్పులు అక్కడ ఉన్నారు. నకలు అని ఒప్పుకోవడంలో వారికి నామోషీ లేదు.

ఇక ఎద్దు సంగతి. జగదల్‌పూర్‌కు ఉత్తరాన సుమారు డెబ్బై అయిదు కిలోమీటర్ల దూరంలో, రాయ్‌పూర్ దారిలో కొండగావ్ ఉన్నది. 2012 నుంచి అది వేరే జిల్లాకు కేంద్రం. బజారులో బెల్ మెటల్ అనీ, ఢోక్రా అనీ పిలిచే కంచు, ఇత్తడి బొమ్మలకు అది పుట్టినిల్లు వంటిది. చేసేవారు ఘడ్వాలు. ఒకప్పుడు చుట్టుపక్కల మురియా, మారియా గూడేల కోసం దేవతా విగ్రహాలు, కాలి కడియాలు, దీపాలు, గిన్నెలు పోసిన కులం. ఇప్పుడు వారు పోసేది ఎక్కువగా మన డ్రాయింగు రూముల కోసం. ఈ ఊరివాడే అయిన జయదేవ్ బఘేల్ ఈ పనికి దేశంలోను, విదేశాలలోను పేరు తెచ్చి 2014లో కన్నుమూశారు. పేరుతో సహా ప్రపంచానికి తెలిసిన ఘడ్వా శిల్పులను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

కొంతకాలం క్రిందట ఎన్నికల వార్తల కోసం ఆ ప్రాంతానికి వెళ్ళినప్పుడు ఒక డెబ్బై ఏళ్ళ శిల్పి ఇంటి వసారాలో ఒక పూట కూర్చున్నాను. ఆయన పని చూస్తే ఎవరికైనా చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది. మన్నులో ఊక కలిపి ముందు ఎద్దు ఆకారం చేస్తారు. ఆరిన తరువాత దానిని నునుపు చేసి, తేనె మైనంలో సాల గుగ్గిలం కలిపి సన్నని తీగలుగా వత్తి, ఒక్కొక్క తీగను వేలితో ఒత్తుతూ ఒళ్ళంతా చుడతారు. మూపురం, గంగడోలు, మెడపట్టెడ, గంటలు అన్నీ మైనంతోనే. పైన మెత్తని మన్ను, ఆ పైన పుట్టమన్ను పూసి, పాత ఇత్తడి ముక్కలు కరిగేటట్టు ఆవంలో కాలుస్తారు. మైనం కరిగిపోతుంది, అది ఖాళీ చేసిన చోట లోహం నిండుతుంది. మన శిల్పశాస్త్రాలు మధూచ్ఛిష్ట విధానమని చెప్పినది ఇదే. ఢిల్లీ జాతీయ మ్యూజియంలో ఉన్న మొహెంజొదారో నర్తకిని పోసినదీ ఈ విధానంలోనే.

చివరకు మన్ను మూసను పగలగొడితేనే ఎద్దు బయటికి వస్తుంది. ఒక మూసకు ఒకే ఎద్దు. మరొక ఎద్దు కావాలంటే మళ్ళీ మన్ను, మళ్ళీ మైనం, మళ్ళీ మొదటి తీగ.

"కాకా, మీరు చేసేది అసలా, నకలా?" అని అడిగాను. ఆయన నవ్వారు.

"నకలే బాబూజీ. మా నాయన ఎద్దును చూసి నేను చేశాను. ఆయన తన నాయన ఎద్దును చూసి చేశాడు. కాని నా తీగ నేను చుట్టాను. నా మూస నేను పగలగొట్టాను."

ఆ తరువాత ఆయన గొంతు మారింది. కొన్నేళ్ళ క్రిందట ఒక వర్తకుడు ఆయన దగ్గర ఒక ఎద్దు కొనుక్కుపోయాడట. దానిమీద రబ్బరు మూస తీయించి, దూరాన ఎక్కడో కార్ఖానాలో వందల కొద్దీ పోయించాడట. ఒక సంతలో ఆయన కళ్ళకే ఆ బొమ్మ కనిపించింది. ధర ఆయన ధరలో మూడవ వంతు. "అది నా ఎద్దే బాబూజీ, నా వేలి ఒత్తుడుతో సహా అచ్చుపడింది. నా వేలును అమ్ముతున్నారు. నన్ను అడగలేదు." కుమారుడు జగదల్‌పూర్‌లో తాపీ పనికి వెళుతున్నాడని, ఆవం రాజెయ్యడం మనుమడికి రాదని కూడా చెప్పారు. ఆ మాట ఫిర్యాదులా చెప్పలేదు. రైలు వేళ చెప్పినట్టు చెప్పారు.

అతిథి గృహం నుంచి తిరిగి వచ్చిన నాలుగు రోజులకు ఆ మాటలు జ్ఞాపకం వచ్చి, ఢిల్లీ బజారులో కంచు బొమ్మల దుకాణం ఒకటి వెతుక్కుంటూ వెళ్ళాను. అలమరలో అదే ఎద్దులు రెండు పక్కపక్కన ఉన్నాయి. రెండింటికీ ఎడమ చెవి పక్కన తీగ తెగి, కొంచెం పక్కకు జరిగి ఉన్నది. చేతితో చేసిన రెండు వస్తువులలో ఒకే పొరపాటు ఒకే చోట రాదు. ఏ ముసలి చెయ్యి చలిపొద్దున వణికి ఆ తీగను తెంపిందో గాని, ఆ వణుకును కూడా కార్ఖానా వదలలేదు. చీటీ మీద మాత్రం "బస్తర్, హస్తకళ" అని ఉన్నది.

పార్లమెంటు ఈ విషయంలో ఏమీ చేయలేదా అంటే, చేసింది. 1997లో అమెరికాలో ఒక కంపెనీకి బాస్మతి బియ్యంపై పేటెంటు దక్కినప్పుడు దేశమంతటా రేగిన కలవరం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ప్రకారం మనమూ ఒక చట్టం చేయవలసి ఉన్నది. ఆ నేపథ్యంలో 1999లో భౌగోళిక సూచికల చట్టం వచ్చింది. 2003 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది. మొదటి నమోదు డార్జిలింగు తేయాకుకు దక్కింది. 2008లో బస్తర్ ఢోక్రాకు కూడా నమోదు లభించింది. మన తెలంగాణలో ఓజులు అదే విధానంలో పోసే ఆదిలాబాద్ డోక్రాకు 2018లో లభించింది.

మంచి చట్టమే. కాని అందులో "ఉత్పత్తిదారు" అన్న మాటకు ఇచ్చిన నిర్వచనాన్ని సభ్యులు మరొకసారి చదవవలసి ఉన్నది. హస్తకళా వస్తువుల విషయంలో, వాటిని తయారుచేసేవాడు ఉత్పత్తిదారు. వాటితో వర్తకం చేసేవాడు కూడా ఉత్పత్తిదారే! మైనం తీగ చుట్టినవానికీ, ఆ బొమ్మకు ధర చీటీ కట్టినవానికీ చట్టం ఒకే పీట వేసింది. పోనీ, వర్తకుని లెక్కలోకి తీసుకోవడానికి కారణాలు ఉండవచ్చు. తయారుచేసినవాని పేరు వస్తువుమీద ఉండి తీరాలన్న మాట మాత్రం ఆ చట్టంలో లేదు. అది ఊరికి పేరిచ్చింది, చేతికి ఇవ్వలేదు.

చేతికి పేరివ్వడం మన న్యాయశాస్త్రానికి తెలియని సంగతి కాదు. ఈ ఢిల్లీలోనే విజ్ఞాన్ భవన్ గోడను అలంకరించిన కంచు శిల్పఖండం ఉండేది. శిల్పి అమర్‌నాథ్ సెహగల్. 1979లో మరమ్మతుల పేరిట ప్రభుత్వం దానిని ఊడదీయించి గిడ్డంగిలో పడవేసింది. ఆయన కోర్టుకెక్కారు. కాపీరైటు చట్టం 57వ సెక్షన్ కింద, శిల్పం అమ్ముడుపోయినా దానిపై శిల్పి గౌరవానికి సంబంధించిన హక్కు ఆయనదేనని ఢిల్లీ హైకోర్టు 2005లో తీర్పు చెప్పింది; 5 లక్షల రూపాయల పరిహారంతో పాటు శిల్పాన్ని ఆయనకే తిరిగి ఇవ్వమన్నది. ఆ తీర్పు చదివి గర్వించాను. అదే కంచు, అదే దేశం. ఢిల్లీ శిల్పికి తన పని తనదని చెప్పుకునే హక్కు ఉన్నది. కొండగావ్ శిల్పి తన వేలి ముద్రను బజారులో చూసి నిట్టూర్చవలసిందే.

దీనికి రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. రెండూ తోసివేయదగినవి కావు.

మొదటిది: ఇది సమష్టి కళ, ఎద్దు కులమంతటిది, ఒకరి పేరు వేస్తే తక్కినవారికి అన్యాయం కాదా? నిజమే. ఎద్దు ఆకారం ఎవరి సొత్తూ కాదు. దానిని ఎవరైనా చేయవచ్చు. నకలు లేనిదే సంప్రదాయం లేదు. కాని ఈ ఎద్దు, ఈ తీగలతో, ఈ చేతిలో పుట్టింది. త్యాగరాజ కృతిని వందమంది పాడతారు. అంతమాత్రాన కచేరీలో గాయకుని పేరు ప్రకటించడం మానివేస్తామా? ఒక పెద్ద శిల్పి పేరుమీద పదిమంది సహాయకుల పని చెలామణి అయ్యే ప్రమాదం ఉన్నది, కాదనను. దానికి మందు మరిన్ని పేర్లు చేర్చడమే. అచ్చు చిత్రంలో చెక్కినవాని పేరు, అద్దినవాని పేరు లేకపోవడం లోపమని ఇందాక అనుకున్నాము. ఆ లోపాన్ని మనం కొనితెచ్చుకోనక్కరలేదు.

రెండవది: చవక బొమ్మలు కొనే బీదవారి మాట ఏమిటి? వారికీ ఒక ఎద్దు ఉండవద్దా? తప్పక ఉండాలి. కార్ఖానాలో పోసిన ఎద్దును నిషేధించమని నేను అనడం లేదు. దానిమీద "కార్ఖానా పోత" అని రాయమంటున్నాను. కలంకారీ పేరిట తెరతో ముద్రించిన బట్టలు మన బజార్లలో గుట్టలుగా అమ్ముడుపోతున్న సంగతి తెలుగు గృహిణులకు చెప్పనక్కరలేదు. అందులో తప్పు తెరది కాదు, చీటీది. ఈ విషయంలో పాతకాలపు జపాన్ వారిని చూడండి. పదిహేడవ శతాబ్దంలో డచ్చి ఓడలలో కోరమాండల్ తీరపు రంగుల వస్త్రాలు అక్కడకు చేరాయి. వాటిని వారు "సరస" అన్నారు. మోజుపడి, వాటికి తామే నకళ్ళు తయారుచేసుకున్నారు. ఆ నకళ్ళకు పెట్టుకున్న పేరు "వసరస", అనగా జపాన్ సరస. నకలు పేరులోనే అది నకలని ఉన్నది. మన పూర్వుల అద్దకపు పనికి ఆ ఒక్క అక్షరంతో దక్కిన మర్యాద ఈనాడు మన దుకాణాలలో మనకు దక్కడం లేదు.

బస్తర్‌కూ జపాన్‌కూ, మధ్యలో మనకూ ఉన్న మరొక బంధం గుర్తుచేయాలి. బైలడిలా కొండలలోని ఇనుప ఖనిజాన్ని జపాన్ ఉక్కు మిల్లులకు పంపడానికే 1960వ దశకంలో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేశారు. 1968లో కిరండూల్‌లో తవ్వకం మొదలైనది. ఆ ఖనిజం అనంతగిరి సొరంగాల గుండా దిగి విశాఖపట్నంలో ఓడ ఎక్కేది. అందులో ఇనుము ఎన్ని పాళ్ళు, తేమ ఎన్ని పాళ్ళు అన్నది పరీక్షించి కాగితం మీద సంతకాలు చేసేవారు. మట్టికి పుట్టుపూర్వోత్తరాలు రాసిన ప్రభుత్వానికి, అదే నేలమీద మనిషి చేసిన ఎద్దుకు ఒక పేరు రాయడం కష్టమవుతుందా?

ఉభయ సభలలో బస్తర్ పేరు నేను విన్నది చాలావరకు శవాల లెక్కతోనే. 2010 ఏప్రిల్‌లో దంతెవాడ జిల్లాలో 76 మంది భద్రతా సిబ్బంది హతులైన రోజున, 2013 మేలో దర్భా లోయలో కాంగ్రెసు నాయకులు బలి అయిన తరువాత, ఆ పేరు మారుమోగింది. ఆ దుఃఖం తక్కువది కాదు. కాని ఒక ప్రాంతాన్ని దేశం తుపాకి ద్వారా మాత్రమే గుర్తుపట్టడం ఆ ప్రాంతానికి చేసే రెండవ అన్యాయం. శాంతి వచ్చిన తరువాత బతుకుతెరువు ఏమిటన్న ప్రశ్న వస్తుంది. గనులు అనే జవాబు సిద్ధంగా ఉన్నది. ఆవం కూడా ఒక జవాబేనని ఎవరైనా అనాలి.

చేయవలసినది కొండంత కాదు. ప్రభుత్వ ఎంపోరియంలు, ప్రభుత్వ బహుమతుల కొనుగోళ్ళు ముందుగా దారి చూపాలి: శిల్పి పేరు, ఊరు లేని హస్తకళా వస్తువును కొనరాదు. భౌగోళిక సూచికల చట్టంలో తయారీదారునీ వర్తకునీ వేరుచేసి, అధీకృత వినియోగదారుల పట్టికలో శిల్పులకు ప్రత్యేక స్థానం, ఒక్కొక్కరికి ఒక గుర్తు ఇవ్వాలి. మైనం మీద గుర్తు ఒత్తడానికి ఒక క్షణం చాలు. లోహంలో అది శాశ్వతంగా ఉంటుంది. నకలును నకలని చెప్పే చీటీ తప్పనిసరి కావాలి. 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డును 2020లో రద్దు చేశారు. దాని పనితీరు ఎలాంటిదైనా, చేతిపనివారి మాట ఢిల్లీలో వినిపించడానికి ఒక కిటికీ మూతపడింది. ఇక మిగిలినది పార్లమెంటు. తెలుగు సభ్యులు ఈ విషయం ఎత్తుకుంటే బస్తర్‌తో పాటు ఆదిలాబాద్, పెడన, చేర్యాల కూడా బాగుపడతాయి. ఓరుగల్లు నుంచి వెళ్ళిన కాకతీయ శాఖ శతాబ్దాలపాటు ఏలిన సీమ అది; మనకు పరాయిది కాదు.

ఆ దుకాణంలోని ఎద్దు నేను కొనలేదు. బయటికి వచ్చేముందు దుకాణదారును "ఇది ఎవరు చేశారు?" అని అడిగాను. ఆయన మర్యాదస్తుడు. ఎద్దును తిరగవేసి అడుగుభాగం చూశాడు, చీటీ చూశాడు, పుస్తకం చూశాడు.

"బస్తర్ వాళ్ళు" అన్నాడు.